గోడ మీద పొడపత్రి ఆకు

దెయ్యాల కథలంటే నాకు మొదటినుంచీ చిరాకు. ప్రభుత్వ ఆఫీసులో రికార్డుల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాగితం మీద ఆధారం లేనిది ఒప్పుకునే అలవాటు లేదు. ఇప్పుడు కూడా దెయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. నా డైరీల్లో ఉన్నది మాత్రమే రాస్తున్నాను.

అమీర్‌పేటలో మా ప్రహరీ మీదికి ఒక పొడపత్రి తీగ పాకింది. మేం నాటింది కాదు, విత్తనం ఎక్కడినుంచో గాలికి వచ్చి పడింది. అడవుల్లో పొదల మీదికి ఎగబాకే తీగ అది. దాని ఆకు నమిలాక పంచదార వేసుకుంటే నోట్లో ఇసుక పోసుకున్నట్టు ఉంటుంది. నేనూ ఒకసారి నమిలి చూశాను. ముందు పసరు చేదు, తర్వాత అరగంటదాకా తీపి అన్నది తెలియదు. షుగర్ ఉన్నవాళ్ళు దాన్ని పరగడుపున నములుతారు.

యాదమ్మ రోజూ పొద్దున ఆరున్నరకు ఆకు కోసం వచ్చేది. యూసుఫ్‌గూడలో అద్దె గది, పంజాగుట్టలో ఒక ఆఫీసు ఊడ్చే పని. షుగర్‌కు దవాఖాన మాత్రలు వేసుకుంటూనే ఆకూ నమిలేది. కోసే ముందు తీగను తాకి, ఆకు ఎవరికోసమో ఆ పేరు మెల్లగా చెప్పేది. చెప్పకుండా తెంపితే మందు పనిచేయదట. ఆమె వెళ్ళాక గోడ మీద ఎప్పుడూ ఒక ఆకు మిగిలి ఉండేది. మరిచిపోయిందనుకుని ఊడ్చి పారేసేవాణ్ణి.

అమీర్‌పేట అంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులతో నిండిపోయిన రోజులవి. మా సందులో ఇళ్ళన్నీ హాస్టళ్ళవుతున్నాయి. నేనూ ప్రహరీ వారగా రెండు గదులు వేయించాలనుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం మేస్త్రీ తీగను మొదలంటా నరికాడు. సాయంత్రానికి అక్కడ సిమెంటు పరిచాం. యాదమ్మకు ముందే చెప్పి ఉంటే ఒక కొమ్మయినా తీసుకెళ్ళి నాటుకునేది. బతిమాలుతుందేమోనని చెప్పలేదు.

సోమవారం ఆమె వచ్చింది.

"సార్, తీగె ఏమైంది?"

"ఎండిపోయిందమ్మా. వేరుకు పురుగు పట్టింది."

"నిన్న పొద్దుగాల పచ్చగనే ఉండె గద సార్."

నేను పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయాను. ఆమె మళ్ళీ రాలేదు.

మంగళవారం పొద్దున నాలుక మీద పసరు చేదు తగిలింది. కాఫీ చప్పగా ఉందన్నాను.

"ఏంటండీ, మూడు చెంచాలు వేశాను! మీతోపాటు మీ నాలుక కూడా రిటైరైపోయిందా?" అని నా భార్య నవ్వింది.

పదకొండింటికి అరటిపండు తియ్యగానే ఉంది. మర్నాడు ఆరున్నరకు మళ్ళీ చేదు, మళ్ళీ ఇసుక. ఏడు దాటాక మామూలే. పద్ధతిగా పరీక్షించుకున్నాను. గడియారాలన్నీ నాకు కనబడకుండా దాయించి, చేదు తగలగానే చెప్తే ఆవిడ టైము రాసేది. ఐదు నిమిషాలు అటూ ఇటూ, ఎప్పుడూ ఆరున్నరే. పంచదార నీళ్ళు, మంచినీళ్ళు రెండు గ్లాసుల్లో పోసిస్తే ఆ అరగంటలో మాత్రం ఏది ఏదో చెప్పలేకపోయాను. పెళ్ళికి విజయవాడ వెళ్తే అక్కడా ఇదే. పంజాగుట్టలో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఏ లోపమూ లేదన్నారు.

రెండు నెలలకు యాదమ్మను వెతుక్కుంటూ వెళ్ళాను, నిజం చెప్పేద్దామని. సాయంత్రం వేళ. గది గుమ్మంలోనే కూర్చుని ఉంది. కాలికి పుండు పడి, కట్టు కట్టుకుని పని మానేసింది. ఆకు లేకపోవడం వల్లే అని నేను అనలేను. కాదని కూడా అనలేను.

"రండ్రి సార్, కూసోండ్రి. మా గల్లీకి మీరొచ్చుడేంది!" అంటూ లోపలికి కేకేసి టీ పెట్టించింది.

అసలు మాట నోటికి రాక, గోడ మీద ఆ ఒక్క ఆకు ఎందుకు వదిలేదో అడిగాను.

"గా ఆకు మీది సార్. మొదటి ఆకు మీ పేరు చెప్పే తెంపుతుంటి. తీగె మీ ఇంట్ల ఉండె, మీకియ్యకుండ నేనొక్కదాన్నే ఎట్ల తింట? మీకు సుత షుగర్ రావొద్దని." తర్వాత నవ్వింది. "రోజు తిన్నరా, లేక పారేసిండ్రా?"

"తిన్నానమ్మా," అన్నాను.

అది ఆమెకు నేను చెప్పిన రెండో అబద్ధం. ఆమె ఇచ్చిన టీ చాలా తియ్యగా ఉంది. తాగడం కష్టమైంది.

వారం తర్వాత మూలికలమ్మే అతని దగ్గర పొడపత్రి కొని, ఈసారి చెప్పి తీరాలని వెళ్ళాను. గది ఖాళీ చేశారు. ఎక్కడికి వెళ్ళారో పక్కవాళ్ళకు తెలియదు.

చాలా ఏళ్ళయింది. ఇవాళ పొద్దున కూడా ఆరున్నరకు నా నాలుక మీద ఆ చేదు తగిలింది. డైరీలో రాసుకున్నాను. కారణం ఇప్పటికీ తెలియదు. యాదమ్మ ఇంకా నా పేరు చెప్పి మొదటి ఆకు తెంపుతోందని ఒక్కోసారి అనిపిస్తుంది. ఏ తీగ నుంచో మాత్రం తెలియదు. మా తీగను నేనే నరికించాను.