సున్నం బొట్టు పెట్టిన సొరకాయ

ఈ ఉదయం ఆరుంబావుకి పప్పులోకి సొరకాయ కోశాను. తొడిమ తెగగానే వచ్చిన పచ్చివాసనకి అమ్మ గుర్తొచ్చింది. ఆమె పోయి నెల కావస్తోంది.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో, జగ్గయ్యపేట పక్కన మా ఊళ్లో, చలి తగ్గే రోజుల్లో గొడ్ల సావిడి మీదికి పాకిన సొరపాదులో నున్నటి కాయనొకదాన్ని ఎంచి సున్నం బొట్టు పెట్టేవాళ్లు. బొట్టున్న కాయని ఎవరూ కోయరు. అది ముదిరి, ఎండి, లోపల గింజలు గలగలలాడే బుర్రయ్యాక, వేసవిలో మగపిల్లాడి వీపుకి కట్టి మోటబావిలో ఈతకి దింపేవాళ్లు. మునగనివ్వదు.

అన్నయ్య అలాగే నేర్చుకున్నాడు. వాడు నీళ్ల మీదికి పొడుచుకొచ్చిన పైబండ మీంచి దూకితే నాన్న "మగాడంటే వాడురా!" అని పొంగిపోయేవాడు. అదే బండ నేనెక్కితే "దిగు, కాళ్లిరగ్గొడతా" అనేవాడు. ప్రేమ ఇద్దరి మీదా ఒకటే. నా మీది ప్రేమకి భయం తోడు.

నా పదో ఏట అమ్మ ఒక కాయకి బొట్టు పెట్టింది.

"ఇదెవరికే?" అంది నాయనమ్మ.

"అమ్మాయికి."

"ఆడపిల్లకి బుర్రేంటే, చోద్యం కాకపోతే!"

"ఆడపిల్లని చూసి బావి పక్కకి తప్పుకుంటదా అత్తయ్యా?"

నాన్న విని, "నేను మాత్రం దింపను" అన్నాడు.

"నేనే దింపుతాలెండి" అంది అమ్మ. ఆమెకి ఈత రాదు.

ఆ వేసవంతా అమ్మ మోకాళ్లదాకా చీర తడుపుకుని కింది మెట్టు మీద కూర్చునేది. నేను బుర్ర కట్టుకుని ఆమె ముందే కాళ్లు కొట్టేదాన్ని. గట్టు మీంచి అన్నయ్య "కప్పా, ఓ కప్పా!" అని ఏడిపించేవాడు. నాన్న పనిమీద నందిగామ వెళ్లిన రోజున, బుర్ర విప్పి అమ్మ ఒళ్లో పెట్టి, పైబండ ఎక్కాను.

"అమ్మా, దూకనా?"

"నేనిక్కడే ఉన్నా. దూకు."

నేను మునిగితే ఆమె చేయగలిగిందేమీ లేదని నాకు తెలుసు. అయినా ఆ మాట చాలింది. దూకాను. చెవుల్లో హోరు, కళ్ల ముందు ఆకుపచ్చ చీకటి, ఆపైన వెలుతురు. తేలి, బావికి అడ్డంగా ఈది అమ్మ మెట్టు పట్టుకున్నాను. ఆమె చేతుల్లో బుర్ర నలిగి పగిలిపోయి ఉంది.

సాయంత్రం నాన్న గడపలో అడుగుపెట్టగానే అన్నయ్య అరిచాడు: "నాన్నా, కప్ప పైబండ మీంచి దూకింది!"

నాన్న పగిలిన బుర్రని తిప్పి తిప్పి చూశాడు. అమ్మని చూశాడు. మరుసటేడు నా వెనక పుట్టిన చెల్లెలి కోసం, తానే నిచ్చెనేసుకుని సావిడి మీదికెక్కి సొరకాయకి బొట్టు పెట్టాడు.

ఇప్పుడు సొరకాయని లేతగానే కోసేస్తాం. బొట్టు ఎవరూ పెట్టడం లేదు.