చడావు మీద చప్పుడు

తార్నాక నుంచి లాలాగూడకు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని సామేలు కార్లు బాగుచేసేవాడు. 1967 నాటికి అతనికి యాభై దాటాయి. వయసులో ఉండగా బాయిలర్లు చేసే ఒక కార్ఖానాలో రివిట్లు కొట్టాడు. ఇనుప పీపా లోపల కూర్చుని, బయటినుంచి పడే సుత్తి దెబ్బలకు ఎదురు పట్టే పని. అది మాని మోటారు పని నేర్చుకున్నాక, చప్పుడు విని రోగం చెప్తాడని పేరు తెచ్చుకున్నాడు. బండి షెడ్డు ముందు ఆగకముందే "గేర్లల్ల నూనె లేదు" అనేవాడు. తీసి చూస్తే నిజంగానే ఉండేది కాదు.

అతని భార్య రాహేలు యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో వంటపని చేసేది. మధ్యాహ్నం పని తీరాక క్యారియర్ పట్టుకుని షెడ్డుకు నడిచొచ్చేది. ఆదివారం మెట్టుగూడ చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే.

ఆ ఏడు వానలు వెనకబట్టిన రోజుల్లో బాలలక్ష్మి అనే జువాలజీ లెక్చరర్ తన పాత కారు తీసుకొచ్చింది. క్యాంపస్ క్వార్టర్సులో ఉండేది. కారు తనే నడుపుకునేది.

"మామూలుగా పోతే ఏమీ లేదు మిస్త్రీ. ఆర్ట్స్ కాలేజీ దగ్గర ఎత్తు రోడ్డు ఉంది కదా, ఆ చడావు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం సన్నగా ఒక చప్పుడు. పిచ్చుక పిల్ల అరిచినట్టు ఉంటుంది."

సామేలు బానెట్ ఎత్తి, ఇంజన్ నడిపించి, చెవి వంచాడు. ఏమీ వినిపించలేదు. పిచ్చుక అన్న మాట పట్టుకుని ఫ్యాన్ బెల్టు మార్చాడు. ఆమె మళ్లీ వచ్చింది. వాటర్ పంపు విప్పి బిగించాడు. మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె పక్కన కూర్చుని చడావు దాకా వెళ్లాడు.

"ఇదిగో, ఇదే," అంది బాలలక్ష్మి.

టైర్ల రొద, ఇంజన్ గుంయిమనడం వినిపిస్తున్నాయి. అంతకు మించి ఏమీ లేదు. "ఇంకోసారి తొక్కుండ్రి" అన్నాడు. ఆమె తొక్కింది. అయినా అతనికి ఏమీ వినబడలేదు.

"ఆఁ, గిదా. బండి ఇడిసిపెట్టి పోండ్రి మేడమ్, చూస్త," అని అబద్ధమాడాడు.

షెడ్డులో ఒక్కడే ఇంజన్ నడిపిస్తూ ఉండగా రాహేలు క్యారియర్ తెచ్చింది. అతను యాక్సిలరేటర్ తీగ లాగి ఇంజన్‌ను ఒక్కసారి ఎగదోశాడు.

"ఏంది గా చప్పుడు? చిక్ చిక్ మంటున్నది," అంది రాహేలు.

సామేలు ఇంజన్ ఆపేశాడు. "నీకు ఇనబడ్తున్నదా?"

"నీకు ఇనబడ్తలేదా?"

అతను పానాల పెట్టె మీద కూర్చుండిపోయాడు. రాహేలు క్యారియర్ కింద పెట్టి, "ఎన్నాళ్ల సంది?" అని అడిగింది.

"ఎరుక లేదు. సన్న చప్పుళ్లు వస్తలేవు. దూలంల పిచ్చుకలు సుత ఎల్లిపోయినయనుకున్న."

"గవి గీడనే ఉన్నయి. పొద్దంత ఒర్లుతనే ఉన్నయి."

ఇద్దరూ తిన్నారు. చేతులు కడుక్కున్నాక సామేలు, "మేడంకు చెప్త. బండి వేరే కాడికి తీస్కపొమ్మంట," అన్నాడు.

"చెప్పు. గని ముందుగాల నన్ను గా బండిల కూసోబెట్టు."

మర్నాడు బాలలక్ష్మి రాగానే సామేలు దాచకుండా చెప్పాడు. "పిచ్చుక అని చెప్పి నేనూ నిన్ను బెల్టు వైపు తిప్పాను," అని ఆమె, రాహేలు కోసం ముందు తలుపు తెరిచింది.

కారు ముందు సీట్లో కూర్చోవడం రాహేలుకు అదే మొదలు. హాస్టల్ గేటు ముందునుంచి పోతుంటే వాచ్‌మన్ లేచి నిలబడి చూశాడు. ఆమె అతనివైపు చూడలేదు. కళ్లు మూసుకుని, పాటకు ముందు శ్రుతి పట్టేటప్పటిలా వింటోంది.

తిరిగొచ్చాక భర్తతో, "తొక్కినప్పుడే వస్తున్నది. కాలు తీస్తే బంద్. బండి గంతే జోరు మీద ఉన్నా సరే," అంది.

సామేలు ముఖంలో వెలుగొచ్చింది. వేగం మారకుండానే చప్పుడు ఆగిందంటే చక్రాలది కాదు, బెల్టుదీ కాదు. ఇంజన్ బరువు లాగేటప్పుడు పొగ గట్టిగా తోస్తుంది. అది ఎక్కడో సందు చూసుకుంటోంది.

ఇంజన్ చల్లారనిచ్చి, రాహేలు చేతికి ఒక రబ్బరు గొట్టం ఇచ్చాడు. ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను ఇంజన్‌కు పొగగొట్టం అతికే చోట మెల్లగా జరపమన్నాడు. బాలలక్ష్మి హ్యాండ్ బ్రేకు బిగబట్టి, క్లచ్ కొద్దిగా వదులుతూ యాక్సిలరేటర్ తొక్కింది. కారు వణికింది. రాహేలు ఒక మూల దగ్గర ఆగిపోయింది.

"గీడ. చెవుల ఊదినట్టున్నది."

సామేలు ఇంజన్ ఆపించి, అద్దం ముక్క వెనక్కి పెట్టి చూశాడు. కంటికి కనబడని ఆ మూలలో మసి చార ఒకటి ఉంది. విప్పితే, మధ్యలో ఉండే గాస్కెట్ వెంట్రుకవాసి మేర కాలి చీలింది. కొత్తది వేసి, నట్లు మధ్యనుంచి చివరలకు కొంచెం కొంచెంగా బిగించాడు.

సాయంత్రం ముగ్గురూ చడావు ఎక్కారు. "లేదు," అంది బాలలక్ష్మి. సామేలు వెనక్కి తిరిగి రాహేలు వైపు చూశాడు. "లేదయ్యా," అంది ఆమె.

ఆ తర్వాత రాహేలు మధ్యాహ్నాలు షెడ్డులోనే ఉండి, వచ్చిన బండ్ల చప్పుళ్లు వినసాగింది. మొదట్లో డ్రైవర్లు నవ్వారు. సామేలుకు ఆ నవ్వు కంటే, ఆమె చెప్పేదాకా తాను కాచుకుని ఉండటం కష్టంగా తోచింది. కొన్నాళ్లు చిరాకు పడ్డాడు. ఆమె 'గీరుడు' అన్నదాన్ని 'కీచుడు' అని వాదించాడు. మెల్లగా ఇద్దరికీ చప్పుళ్లకు ఒకే పేర్లు కుదిరాయి. లావు చప్పుళ్లు అతనివి, సన్నవి ఆమెవి.

ఒక ఆదివారం కాచిగూడ నుంచి టాక్సీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవర్ దిగి, "అమ్మ ఉన్నదా?" అని అడిగాడు.

"చర్చిల ఉన్నది. పాట అయినంక వస్తది," అని సామేలు స్టూలు జరిపి, అతనికి చాయ్ చెప్పాడు.