పచ్చచీర ఉయ్యాల

నా చిన్నప్పుడు నాకొక శత్రువు ఉండేది. దానికి అప్పటికి ఆరు నెలలు. ఇంకా పళ్లు కూడా రాలేదు. దాన్ని చూసి కుళ్లుకున్నంతగా ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎవరిని చూసీ కుళ్లుకోలేదని, జుట్టు నెరుస్తున్న ఈ వయసులో సిగ్గు లేకుండా ఒప్పుకుంటాను.

తొంభైల నాటి మాట. బంగారుపాళ్యం దగ్గర మా నాయనకు చిన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. కాయలొచ్చే రెండు మూడు నెలలే పని. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు వచ్చి, వరుసగా నిలబడి పండ్ల తొక్క తీసేవాళ్లు. వెనకవైపు ఉన్న పెంకుల గది నాది. ఎండాకాలం సెలవులన్నీ అందులోనే గడిపేదాన్ని. మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ వచ్చి నా పక్కన నడుం వాల్చేది. ఆమె పాత పచ్చ నూలుచీర కొంగు పిడికిట్లో ఉంటేనే నాకు నిద్ర పట్టేది. తొమ్మిదేళ్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

ఆ ఏడు నా రాజ్యం కాస్తా పోయింది. ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట వాళ్ల బిడ్డలకు ఒక గది ఉండి తీరాలని చట్టమట. చంటిపిల్లలు పండ్ల క్రేట్ల మధ్య గోనెసంచుల మీద పడుకోవడం చూసిన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, గది ఏర్పాటు చేయమని రాసి వెళ్లాడు. నాయన నా గది ఇచ్చేశాడు. అమ్మ దూలానికి తాళ్లు వేసి నాలుగు చీరలతో నాలుగు ఉయ్యాలలు కట్టింది. అందులో ఒకటి పచ్చచీర. బాగా మెత్తబడింది కదా అని తీసిందట. నన్ను ఒక్క మాట అడగలేదు.

ఆ చీరలో పడుకునేది మొగిలి ఊరి నుంచి పనికొచ్చే ఒక అక్క కూతురు. అమ్మ పొద్దంతా ఆ గదిలో కూర్చుని దాన్ని ఊపేది, దాని మూతి తుడిచేది. నాతో మాట్లాడుతున్నా చూపు దాని మీదే. నేను గడప మీద కూర్చుని, ఆ చీర నాదని గొణుక్కుంటూ ఉడికిపోయేదాన్ని. అది బోసినోటితో నవ్వితే నన్ను వెక్కిరించినట్టే ఉండేది.

ఒక పొద్దున నాయనా అమ్మా మాట్లాడుకోవడం విన్నాను. "ఈ పొద్దు ఇన్‌స్పెక్టరు వస్తాడంట. ఈ తూరి ఏమన్నా తప్పు రాసినాడంటే బిడ్డతల్లుల్ని పని నిలిపేస్తా. అప్పుడు ముప్పై లోపలికొస్తారు. గదీ వద్దు, గొడవా వద్దు," అన్నాడు నాయన.

"మన బిడ్డ ఈడ పెరగలేదా?" అంది అమ్మ. నాయన బయటికి పోయాడు. నాకు మాత్రం దారి దొరికింది.

మధ్యాహ్నం తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని అన్నాలకు పోయారు. అమ్మ కూడా లేచి వెళ్లింది. నేను క్రేటు ఎక్కి నాలుగు చీరలూ ఊడదీసి, వెనక వసారాలో గోనెసంచుల కింద దాచాను. లోపల ఒకటే సంతోషం.

కాసేపటికే జీపు వచ్చింది. గదిలో వట్టి తాళ్లు వేలాడుతున్నాయి. ఉయ్యాలలు ఏవని ఇన్‌స్పెక్టరు అడిగితే నాయన ఆ తాళ్లనే పట్టుకుని అటూ ఇటూ చూశాడు. అప్పుడు మొగిలి అక్క బిడ్డను చంకనేసుకుని ముందుకొచ్చింది. నా వైపు ఒక్కసారి చూసింది. నా గౌనంతా గోనె పీచే. అన్నం తింటూ నన్ను వసారాలో చూసే ఉంటుంది.

"బిడ్డలు తడిపినారు సార్. ఉతకాలని నేనే ఇప్పినా. ఈడే ఉండాయి," అని తిన్నగా వసారాలోకి పోయి చీరలు తెచ్చింది. అందరూ చూస్తుండగానే కట్టేసింది. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. ఇంకోసారి ఒకటి ఆరాక ఇంకొకటి ఉతుక్కోమని చెప్పి, తప్పేమీ రాయకుండా వెళ్లిపోయాడు.

జీపు గేటు దాటగానే నాయన ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఎవురు ఇప్పమన్నారు నిన్ను? రేపట్నించి పనికి రావద్దు!" అన్నాడు. ఆమె తల వంచుకుంది గానీ నా పేరు ఎత్తలేదు. నేను కోరుకున్నది అదే కదా, నా శత్రువు పోతోంది. నోరు మూసుకుని నిలబడ్డాను.

ఆమె లోపలికి పోయి పచ్చచీర ఒక్కటే విప్పింది. దులిపి, మడతపెట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "ఇంద పాపా, నీ చీర. నిన్ను అడక్కుండా తీసుకున్నాము. ఏమనుకోవద్దు," అంది. మామిడి సొన తగిలి ఆమె వేళ్లు పొక్కి ఉన్నాయి. తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఆ మాటకు మాత్రం తట్టుకోలేకపోయాను. అందరి ముందూ వెక్కి వెక్కి ఏడుస్తూ, విప్పింది నేనేనని చెప్పేశాను.

నాయన ఆ అక్క వైపు తిరిగాడు. "పనిలోకి పోమ్మా. నేనే తొందరపడినా," అన్నాడు. నేను మళ్లీ క్రేటు ఎక్కి పచ్చచీర కట్టబోతే ముడి జారిపోయింది. ఆ అక్క వచ్చి బిగించింది. "ముందు నువ్వు ఎక్కు పాపా, ముడి నిలస్తాదో లేదో సూద్దాం," అంది. తొమ్మిదేళ్లదాన్ని, కాళ్లు నేలకు తగులుతుండగా ఆ ఉయ్యాలలో ఊగాను. ముడి నిలుస్తుందని ఆమెకు ముందే తెలుసని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తట్టలేదు.

ఇప్పుడు తిరుపతిలో నాకూ ఒక కుట్టు యూనిట్ ఉంది. పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఉయ్యాలల గది పెట్టడం, ప్రసవం సెలవు కాగితాల మీద సంతకం చేయడం నాకు కష్టమనిపించలేదు. చట్టం చెప్పింది, చేస్తున్నాను. కానీ బిడ్డతల్లి సెలవులో పోతే, పక్క మిషను దగ్గర మొహం ముడుచుకుని, ఆ పనంతా తన నెత్తిన పడిందని గొణిగే ఇంకొకామె ఎప్పుడూ ఉంటుంది. ఆమె సంగతి ఏ చట్టంలోనూ లేదు. మా మేనేజరు ఆమెకు మెమో టైపు చేయించి సంతకానికి తెస్తాడు. నేను పెన్ను పక్కన పెట్టి, ఆమెను పిలిపించి కుర్చీ వేయిస్తాను. ఆమె దగ్గర మేము అడక్కుండా ఏం తీసుకున్నామో ముందు అడుగుతాను.