దండెం మీద పసుపు మరక

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. నాలుగు రోజులు వదిలేశాను కూడా. బస్సు డిపోలో బళ్లు కడిగి రిటైరైన డెబ్బై ఆరేళ్ల మగవాడు తల్లిపాల గురించి రాస్తే చదివేవాళ్లు నవ్వుతారన్నది ఒక కారణం. ఇంకో కారణం ఉంది. అది ఇప్పుడే చెబితే మీరు ఈ కాగితం మడిచి పక్కన పెట్టేస్తారు. కాస్త ఆగండి.

పోయిన మంగళవారం సాయంత్రం మా గేటు ముందు ఆటో ఆగింది. ఆటో ఆయన ఇంజను ఆపలేదు.

"బాబాయిగారూ, పాల టీచరుగారు పోయారండి."

"ఎప్పుడు?"

"ఇయ్యాలే. బందరులో, కూతురుగారింట్లో. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారంట. నాలుగింటికి టీ ఇద్దామని లేపితే లేవలేదంట. అసలు చప్పుడే లేదంటండి. అదృష్టవంతురాలు."

అదృష్టం సంగతి నాకు తెలియదు. చప్పుడు లేని నిద్ర అంటే ఆవిడకు పడేది కాదు. "ఏడ్చే బిడ్డ గురించి నాకు బెంగ లేదండీ. ఏడవని బిడ్డ ఏ ఇంట్లో ఉన్నాడో చెప్పండి" అనేవారు. ఆటో అంతసేపు మోత పెట్టినా మా ఎదురింటి పసివాడు కూడా లేవలేదు. వాణ్ణి ఆ పొద్దున్నే ఆసుపత్రి నుంచి తెచ్చారు.

టీచరుగారు గుడివాడలో ఒక నర్సింగ్ హోములో ముప్ఫై ఏళ్లు పురుళ్ల వార్డు నర్సు. రిటైరయ్యాక, అందరూ మోకాళ్ల నొప్పులకు నూనెలు వెతుక్కునే వయసులో, ఏదో పరీక్ష రాసి లాక్టేషన్ కన్సల్టెంట్, అంటే బిడ్డకు పాలు పట్టడం తల్లులకు నేర్పే మనిషి, అయ్యారు. మా అవనిగడ్డలో ఇల్లు తీసుకుని గేటుకు బోర్డు పెట్టారు. ఆ మాట పలకడం మా ఊళ్లో ఎవరి వల్లా కాక పాల టీచరన్నారు. పాలు తాగడానికి టీచరెందుకని నవ్వారు. నేనూ నవ్వాను.

బోర్డు పెట్టిన వారానికి కోడూరు వైపు నుంచి ఒక రైతు వచ్చి, తన గేదె పాలు చేపడం లేదని మొరపెట్టుకున్నాడు. ఆవిడ పాలకేంద్రం మనిషనుకున్నాడు. ఇంకెవరైనా అయితే పొమ్మనేవారు. ఈవిడ చెప్పులు తొడుక్కుని వెళ్లారు. చూస్తే కొట్టం పక్కనే నీళ్ల మోటారు కొత్తగా బిగించి ఉంది. "దానికి ఆ మోత పడటం లేదయ్యా, మోటారు అవతలికి మార్చు" అని చెప్పి వచ్చేశారు. గేదె చేపింది. ఆ తర్వాత కోడళ్లను సాధించే అత్తగార్లందరికీ ఆ గేదె కథే చెప్పేవారు. "బెదిరితే గేదే చేపదు, మీ కోడలేం చేపుతుందండీ? మీరు కాసేపు ఆ మోటారు కట్టెయ్యండి." పాలు లేవు అన్న మాట ముందు అత్తగారి నోట్లో పుడుతుందనీ, తల్లి నోట్లోకి తర్వాతే వస్తుందనీ ఆవిడ అనుభవం.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను బడికి వెళ్లింది ఐదో తరగతి దాకా. మిగతా చదువంతా జనం బస్సుల్లో మర్చిపోయిన పుస్తకాల్లోనే. జనం ఎక్కువగా మర్చిపోయేవి గొడుగులు, తర్వాత టిఫిను క్యారేజీలు. ఒకసారి నాగాయలంక బస్సులో పళ్ల సెట్టు దొరికింది, ఎవరూ అడగడానికి రాలేదు. ఆ మనిషి ఇంటికెళ్లి భోజనానికి కూర్చున్నాక అయినా గుర్తు రాలేదా అని నాకు ఇప్పటికీ అనుమానమే. పుస్తకాల్లో మాత్రం సగంలో బస్సు టిక్కెట్టు పెట్టి ఉండేది. అక్కడి దాకా చదివి, ఈ మనిషి సరిగ్గా ఇక్కడే ఎందుకు ఆగాడా అని ఆలోచించేవాణ్ణి. ఆ అలవాటు వల్లే టీచరుగారు ఎక్కడ ఆగుతారో, ఎక్కడ ఆగరో గమనించాను.

ఆ ఆటో ఆయన బండిలోనే ఊరు తిరుగుతూ ఆవిడ ఇళ్ల పెరళ్లలోని దండేల కేసి చూసేవారు. పసిబిడ్డ ఉన్న ఇల్లయితే పెదాలు కదిలేవి. ఒకటి, రెండు, మూడు. కాస్త రోజులు గడిచిన బిడ్డ రోజుకు ఆరు గుడ్డలైనా తడపాలి. తడిపితే లోపలికి పాలు వెళ్తున్నట్టు. ఆరు దాటితే ఆటో సాగిపోయేది. తక్కువైతే దిగి, గేటు దగ్గరే చెప్పులు విప్పేవారు. చెప్పులు విప్పాక ఇక ఆవిణ్ణి ఎవరూ ఆపలేరు.

ఇప్పుడు రెండో కారణం.

ఎనిమిదేళ్ల కిందట మా అమ్మాయి గుడివాడ నుంచి తొలి పురిటికి మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాం. పాప ఏడవదు. తాగినట్టే తాగి నిద్రపోతుంది. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా ఎంత బుద్ధిమంతురాలో అన్నారు. మా ఆవిడ రోజుకు రెండుసార్లు దిష్టి తీసేది. నాలుగో రోజు టీచరుగారు మా గేటు దగ్గర ఆటో దిగారు.

"పాప ఎలా ఉందండీ?"

"బంగారమండీ. ఏడుపన్నదే లేదు."

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "ఒక్కసారి చూసి వెళ్లనా?"

"పదకొండో రోజు దాటనివ్వండి. పురుడు కదా, బయటివాళ్లని రానివ్వొద్దంది మా ఆవిడ."

మా ఆవిడ అన్న మాట నిజమే. కానీ ఆ 'బయటివాళ్లు' అన్నదాంట్లో ఇంకేమేం ఉన్నాయో నాకు తెలుసు, మెడలో చిన్న శిలువ వేసుకునే టీచరుగారికీ తెలుసు. ఆవిడ నా భుజం మీదుగా దండెం కేసి చూశారు. పెదాలు కదిలాయి. పదకొండు గుడ్డలు. "సరేనండీ" అని ఆటో ఎక్కారు. మర్నాడూ వచ్చి అడిగారు. నేను మళ్లీ గేటు తియ్యలేదు. దండెం మీద పన్నెండున్నాయి.

ఆవిడకు తెలియనిదీ, నాకు తెలిసి కూడా తట్టనిదీ ఒకటుంది. మా ఇంట్లో పురిటిగదిలో పెట్టిన గుడ్డ తడిసినా తడవకపోయినా మర్నాడు పొద్దున్నే ఉతికి ఆరెయ్యాల్సిందే. మా అమ్మ నాటి ఆచారం. దండెం మీద ఉన్నవి పాప తడిపిన గుడ్డలు కావు. మా ఆవిడ తడిపినవి.

ఆరో రోజు మధ్యాహ్నం ఆటో మా ఇల్లు దాటి వెళ్లిపోయింది. మలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. టీచరుగారు దిగి, గేటు దగ్గర చెప్పులు విప్పారు.

"టీచరుగారూ, ఇంకా పురుడు..."

"ఒక్కదాని మీదా పసుపు మరక లేదండీ."

"ఏంటండీ?"

"పాలు తాగే బిడ్డకి ఈపాటికి పసుప్పచ్చగా విరేచనం అవ్వాలి. ఎంత ఉతికినా ఆ మరక ఓ పట్టాన పోదు. మీ గుడ్డలన్నీ కొట్లోంచి తెచ్చినట్టున్నాయి. తప్పుకోండి."

నేను వరండాలోనే ఉండిపోయాను. చూడలేదు, విన్నాను. మొదట మా ఆవిడ గొంతు లేచింది, కాసేపటికి అదీ ఆగింది. "అరికాలు గిల్లినా కళ్లు తెరవడం లేదేంటమ్మా" అన్న టీచరుగారి మాట ఒకటి బయటికొచ్చింది. పాప నోరు ఎండిపోయింది. ఒళ్లు పచ్చబడింది. మేము మేనిఛాయ అనుకున్నాం. మా అమ్మాయికి పాలు లేక కాదు, రొమ్ములు రాళ్లలా బిగిసి ఉన్నాయి. పాప చనుమొన మాత్రం నోట పట్టుకుని, చప్పరించి చప్పరించి, ఓపిక లేక కళ్లు మూస్తోంది. దాన్ని మేము నిద్ర అన్నాం.

"కారు పిలవండి. ఈలోగా ఉగ్గుగిన్నె నీళ్లలో మరగబెట్టి తీసుకురండి."

చేత్తో పిండిన పాలు పెదవి మీద ఒక చుక్క వేయడం, మింగేదాకా ఆగడం, మళ్లీ చుక్క. కారు వచ్చేదాకా అదే పని.

పులిగడ్డ అక్విడక్టు దాటుతుంటే కింద ఏట్లో నీళ్లు లేవు, ఇసుకే ఉంది. టీచరుగారు పాప అరికాలు గిల్లుతూనే ఉన్నారు. చల్లపల్లి దాటాక పాప ఒకసారి మూలిగింది. ఏడుపు కూడా కాదు, పిల్లికూన తుమ్మినట్టు. "ఇంకోసారి, నా తల్లీ, ఇంకోసారి" అంటున్నారు టీచరుగారు. బందరు చేరేదాకా ఇంకోసారి వినిపించలేదు.

కామెర్లకని నాలుగు రోజులు నీలం లైటు కింద ఉంచారు. బతికింది. ఇప్పుడు గుడివాడలో మూడో తరగతి, నోరు మూయించడం వాళ్ల మేడమ్ వల్ల కావడం లేదట. ఆ సంగతి చెబితే టీచరుగారు, "మాట్లాడనివ్వండి, వారం రోజుల బాకీ ఉంది కదా" అన్నారు.

అయితే ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఆవిడ నాతో ఇంకో మాటన్నారు. "తప్పు నాదేనండీ. గుడ్డల్ని నమ్మి, బిడ్డని చూడకుండా వెళ్లిపోయాను." కాదండీ, మీరు అడిగారు, నేను గేటు తియ్యలేదు అనాల్సిన చోట నేను టీ తాగుతున్నాను. ఆ తర్వాత ఆవిడ నర్సులకు క్లాసు చెప్పినా, తల్లులకు చెప్పినా, "ఒకింటి దండెం చూసి నేను రెండుసార్లు వెనక్కి వెళ్లిపోయాను" అనే మొదలుపెట్టేవారు. గేటు పట్టుకుని నిలబడ్డ ముసలాయన ఆ కథలో ఎక్కడా ఉండేవాడు కాదు. ఎనిమిదేళ్లూ నేను దాన్ని సరిదిద్దలేదు. పైగా ఆవిడ కనిపిస్తే కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చేవాణ్ణి. అన్నింటికీ కలిపి అదే నా క్షమాపణ. ఆవిడ తాగేసి, "మీ దండెం బాగుందా?" అని అడిగి నవ్వేవారు.

చివరిసారి కనిపించినప్పుడు మాత్రం నవ్వలేదు. కూతురి దగ్గరికి బందరు వెళ్లిపోతూ సామాను సర్దుకుంటున్నారు.

"డైపర్లొచ్చి నా కళ్లు పీకేశాయండీ. ఇప్పుడు ఏ దండెం మీదా ఏమీ ఉండదు. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో ఆటోలోంచి ఎలా తెలుస్తుంది?"

"తెలియదు మరి."

"దిగి తలుపు కొట్టాలి. నేను వెళ్లిపోతే ఎవరు కొడతారు?"

"ఎవరో ఒకరు కొడతార్లెండి" అన్నాను. నాకు ఆ పూట డిపో స్నేహితుడింట్లో భోజనం ఉంది.

నిన్న ఇక్కడి దాకా రాసి కలం పక్కన పెట్టాను. కాస్త మజ్జిగ తాగి మళ్లీ కూర్చుంటే, పొద్దుట్నుంచీ ఎదురింట్లోంచి ఏడుపు వినలేదని తట్టింది. వాడు పుట్టి వారం కావస్తోంది. వాళ్ల దండెం మీద ఒక లుంగీ, రెండు తువ్వాళ్లు ఉన్నాయి. కాసేపు వాటినే చూశాను. తర్వాత వెళ్లి గేటు చప్పుడు చేశాను. ఎదురింటావిడ, అంటే బాలింత తల్లి, బయటికొచ్చింది.

"బాబు ఎలా ఉన్నాడమ్మా?"

"బంగారమండీ బాబాయిగారూ. అసలు ఏడవడు. ఇంత బుద్ధిమంతుణ్ణి నేనెక్కడా చూళ్లేదు."

"ఇవాళ ఎన్ని డైపర్లు మార్చారు?"

ఆవిడ నా వంక విచిత్రంగా చూసింది. "నిన్న వేసిందే ఉందండి. బరువెక్కలేదు, తీసి పారెయ్యడం ఎందుకని."

"ఒక్కసారి చూసి వెళ్తాను."

"పురుడు కదండీ, పదకొండో రోజుకి పిన్నిగార్ని కూడా తీసుకుని..."

చెప్పులు గేటు దగ్గర విప్పి లోపలికి వెళ్లాను. ఐదు నిమిషాలకు బయటికొచ్చి, బందరు ఆసుపత్రికి వెళ్లాలని ఆటో ఆయనకు ఫోను చేశాను.