గడపదాకా వచ్చిన నీళ్లు

ఇబ్రహీంపట్నం పోయి పడవ ఎక్కుతామంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. పడవే కావాలంటే హుస్సేన్‌సాగర్ పక్కనే ఉంది కదా అని మావారి వాదన. కానీ పిలిచింది జుబేదా. బాలికల బడిలో మేమిద్దరం పక్కపక్క తరగతులకు పాఠాలు చెప్పాం. విషజ్వరం వచ్చి కాళ్లు చచ్చుబడ్డాక ఆమె బడి మాని, భర్తతో పుట్టిన ఊరికి వెళ్లిపోయింది. "కుంట నిండింది, పడవ గడపకాడికి వస్తున్నది, దసరా సెలవులల్ల రా" అని ఆమె కబురు పెడితే ఇక ఆగుతానా?

పొద్దున్నే నేనూ మావారూ గౌలిగూడలో బస్సెక్కాం. యుద్ధం వల్ల పెట్రోలు కరువై బొగ్గుతో నడుస్తున్న బస్సు అది. వెళ్లదలచినవాళ్లకు ఒక మాట: వెనక సీట్లలో కూర్చోకండి. బొగ్గుపొయ్యి అక్కడే ఉంటుంది, దిగేసరికి మీ మొహం మీవాళ్లే గుర్తుపట్టరు. ఎత్తు వచ్చినప్పుడల్లా బస్సు ఆగిపోయేది, క్లీనరు దిగి పొయ్యి ఎగదోసేవాడు. నా పక్కన సీతాఫలాల గంపతో ఒకామె కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"చెరువు చూడనీకె ఇంత దూరం వస్తున్నరా? మాకు చెరువు తప్ప ఇంకోటి కనవడది," అని నవ్వి, ఒక పండు చేతిలో పెట్టింది. అంత తియ్యటి సీతాఫలం నేను పట్నంలో తినలేదు.

ఎండెక్కేవేళకు ఊరు చేరాం. కట్ట ఎక్కి పెద్దచెరువు చూసేసరికి మావారి హుస్సేన్‌సాగర్ వాదన ఆగిపోయింది. అవతలి ఒడ్డు ఎక్కడో వెతుక్కోవాలి. జుబేదా భర్త యూసుఫ్ భాయి మాకోసం ఎడ్లకచ్చరం పంపాడు. హోటలు, గది అని వెతక్కండి, అలాంటివేమీ లేవు. రాత్రి ఉండాలంటే తెలిసినవాళ్లు ఉండాలి, లేకపోతే మాలాగే సాయంత్రం బస్సుకే తిరిగి రండి.

ఊరి బయట వాళ్ల ఇల్లు. ఇంటి ముందున్న చిన్న కుంట యూసుఫ్ భాయి మట్టికట్ట పోయించి కట్టించినదే. పొలాలకు కాదు, జుబేదా కోసం. ఎత్తుకుని తీసుకుపోతానంటే ఆమె ఒప్పుకోదు. "నేనేమన్న బియ్యం బస్తానా?" అంటుంది. అందుకని ఆయన నీళ్లనే గుమ్మం దగ్గరికి తెచ్చాడు. కుంట నిండితే మిగులు నీరు పోవడానికి ఒక చివర రాతి మత్తడి ఉంది. దాని మీద రాళ్లూ మట్టీ పేర్చి, నీటిమట్టం వసారా మెట్లదాకా పెంచాడు. జుబేదా మెట్టు మీద కూర్చుని, ఆయన చేయి పట్టుకుని పడవలోకి జరిగితే చాలు. భార్యకోసం ఇంత ఆలోచించిన మనిషిని చూపించి మావారిని కాసేపు ఏడిపించాను.

నేనూ జుబేదా పడవలో కూర్చున్నాం. యూసుఫ్ భాయి తెడ్డు తీసుకున్నాడు. అప్పుడే కట్ట దిగువన ఉండే లింగమ్మ వేగంగా వచ్చింది. కట్టకు ఆనుకుని నాలుగిళ్లున్నాయి, ఒకటి ఆమెది.

"బేగం, కట్ట కింద ఊట రంగు మారింది. నిన్నటిదాక తేటగ వస్తుండె. ఇయ్యాల ఎర్రగ వస్తున్నది."

యూసుఫ్ భాయి తెడ్డు ఆపాడు. కట్టలోంచి తేటనీరు ఊరితే ఫరవాలేదు, మట్టినీరు వచ్చిందంటే లోపల కట్ట కొట్టుకుపోతున్నట్టేనని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. నీళ్లు ఎత్తు పెరిగి కట్ట మీద బరువు పడింది. అయినా ఆయన నావైపు చూసి, "దూరంకెళ్లి వచ్చిన్రు. ఒక్క చుట్టు తిప్పి తెస్త. అటెనుక మత్తడి తీస్త," అన్నాడు.

"లింగమ్మ కోడలు బాలెంత, కట్ట కిందనే పండుకొని ఉన్నది," అంది జుబేదా. "నేను ఈడ పడవల తిరగాల్నా? ఇప్పుడే తీయి."

"తీస్తే మళ్ల గడపకాడికి నీళ్లు రావు."

"నాకెరుకే. పో."

లింగమ్మ తన ఇంటివాళ్లనూ పక్కిళ్లవాళ్లనూ మిట్ట మీదికి తీసుకురావడానికి పరుగెత్తింది. యూసుఫ్ భాయి గడ్డపార తీసుకున్నాడు. మావారు పంచె ఎగగట్టి ఆయన వెంట వెళ్లారు. కాసేపటికి మత్తడి మీదుగా నీళ్లు హోరుమని ఇళ్లకు దూరంగా వాగులోకి దూకాయి.

జుబేదా పడవ దిగలేదు. నీళ్ల కింద దాగిన మెట్లు ఒక్కొక్కటే బయటపడుతుంటే చూస్తూ కూర్చుంది. చివరికి పడవ బురదలో కూలబడి ఓ పక్కకు ఒరిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

"అన్నం ఈడికే తెమ్మంటున్న," అంది. "పడవల కూసోని తిన్న అని పట్నంల చెప్పు. అబద్ధమేం కాదు."

ఒరిగిన పడవలోనే కూర్చుని ఆమె ఖిచిడీ, నేను తెచ్చిన పులిహోర తిన్నాం. ఆ మనిషి ముందు నేను చాలా చిన్నదాన్ననిపించింది, ఆమె స్నేహితురాలినైనందుకు గర్వంగానూ అనిపించింది. పొద్దు వాలాక లింగమ్మ వచ్చి, ఊట సన్నబడి తేటపడిందని చెప్పింది. వేసవిలో కట్ట తవ్వి మళ్లీ గట్టిగా పోయిస్తాననీ, మత్తడి మీద ఇక ఒక్క రాయి కూడా పెట్టననీ యూసుఫ్ భాయి అన్నాడు. జుబేదా తల ఊపింది.

మేము తిరిగి ఎక్కిన సాయంత్రం బస్సు ఊరు దాటగానే ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా వాగు పారుతోంది.

"పొద్దుగాల లేని నీళ్లు యాడికెళ్లి వచ్చినయ్?" అన్నాడు రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన.

"ఎవలో కుంట ఇడిసిన్రు. జర బుద్ధి లేదు," అని కండక్టరు విసుక్కున్నాడు. అందరూ తలా ఒక మాట అందుకున్నారు.

నేను ఉండబట్టలేక లేచి నిలబడ్డాను. "విడిపించింది మా జుబేదా. కట్ట తెగేట్టుంటే, కింద ఇళ్లున్నాయని విడిపించింది."

పెద్దాయన నావైపు తిరిగాడు. "ఇండ్లల్ల అందరు మంచిగున్నరా?"

"ఉన్నారు."

"అట్లయితే జర ఆగుదాం తీ," అని ఆయన చుట్ట వెలిగించుకున్నాడు. ఆ తర్వాత బస్సులో ఎవరూ తొందరపెట్టలేదు.