చాపలు యాడివి?

పులివెందుల బస్సుకు ఇంకా టైముందని, జమ్మలమడుగులో పేరుమోసిన పాత చేపల హోటల్లోకి పోయినాను. మధ్యాహ్నం కదా, ఒక ముసలాయన బల్ల దగ్గరే చోటు దొరికింది. తెల్లటోపీ, నెరిసిన గడ్డం.

ఇద్దరికీ పులుసు రాగానే ఆయన, "చాపలు యాడివప్పా?" అని అడిగినాడు.

"డ్యాంవి. పొద్దున పట్టినవే!" అన్నాడు వడ్డించేవాడు గొప్పగా.

ముసలాయన తన గిన్నె నా వైపు జరిపినాడు. "నువ్వు తినప్పా. మా ఊరు ఆ నీళ్ల కిందనే ఉండాది. మా నాయన గోరీ గూడా."

ఉత్త మజ్జిగన్నం తిని లేచిపోయినాడు. ఆయన ఆ మాట అనేసరికే నా నోట్లో ముక్క ఉంది. మింగలేను, ఉమ్మలేను.

ఇప్పటికీ ఏ హోటల్లోనైనా చేపలు యాడివని అడుగుతాను. తాజావో కాదో అని అడుగుతున్నాననుకుంటారు. "డ్యాంవే సార్, పొద్దున పట్టినవి," అంటారు నవ్వుతూ.