నీళ్ళ మీద టెంకాయ

చేపను పట్టి, ఎత్తుకుని ఫోటో దిగి, మళ్ళీ నీళ్ళలోనే వదిలెయ్యడానికి బెంగుళూరు నుంచి మనుషులు కార్లలో వస్తారంటే చౌడేశ్వరి మొదట నమ్మలేదు. వాళ్ళకు సాయం చెయ్యడమే తన ఇంటర్న్‌షిప్ అని తెలిశాక నమ్మక తప్పలేదు.

కదిరిలో డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. జువాలజీ. ఆఖరి సెమిస్టరు ఎక్కడైనా పని నేర్చుకుని రావాలని కాలేజీ నియమం. తోటివాళ్ళు మందుల షాపుల్లో, జిరాక్సు అంగళ్ళలో చేరిపోయారు. చౌడేశ్వరి చేప మొప్పల బొమ్మ కళ్ళు మూసుకుని గీయగలదు, కానీ ప్రాణమున్న చేపను చేత్తో పట్టుకున్నది ఇంటర్న్‌షిప్‌కు చేరిన ఈ బోటు మీదే. పుట్టిన ఊళ్ళో తాగే నీళ్ళే ట్యాంకరులో వచ్చేవి. తర్వాత కాలువ వచ్చింది, రిజర్వాయరు నిండింది. ఆ నీళ్ళు ఊళ్ళోకి రాలేదు. కొండల మధ్య, క్యాలెండరు బొమ్మలో లాగా నిలబడిపోయాయి.

బోటు బయ్యన్న అనే అతనిది. అతనికి బోర్లు వేసే లారీ కూడా ఉంది. నీళ్ళు పడినా లారీకి కిరాయి, దుమ్ము లేచినా కిరాయి. అలాంటి వ్యాపారానికి అలవాటు పడిన మనిషి ఎదురుగా ఇన్ని నీళ్ళు కనిపిస్తే ఊరుకుంటాడా. ఫైబరు బోటు తెచ్చాడు, వెనక ఇంజను పెట్టించాడు, గట్టు మీద ఇంగ్లీషులో బోర్డు రాయించాడు. అతనికి ఈత రాదు. గెస్టులకు ఒక్కో లైఫ్ జాకెట్ ఇచ్చి, తాను ఒకదాని మీద ఇంకొకటి వేసుకునేవాడు.

చౌడేశ్వరి పొద్దున్నే రాగి పిండి, వేరుశనగ చెక్క పొడి కలిపి ఎర ముద్దలు చేసేది. గాలాలకు గుచ్చేది. చేప పడితే తడి బట్టతో పట్టుకుని, దవడలోంచి గాలం తీసి, ఫోటోకు అందించేది. ఫోటో అయ్యాక వదిలేది. మొదటి వారం ఒక గెస్టు చేపను గుండెకు హత్తుకుని "సారీ కన్నా" అన్నాడు. గట్టు మీద గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన ఆగి చూశాడు.

"ఏం పాపా, పట్టి వదిలేస్తాండారే?"

"అది ఆట తాతా."

"ఎవురికి? చేపకా?"

గొర్రెలు ముందుకు సాగాయి. ఆయనా ఆగలేదు.

అంజినప్ప ఆమె నాయన. రోజూ మోపెడ్ మీద కూతురిని గట్టు దగ్గర దించి పోయేవాడు. ఒకప్పుడు ఆయన నీళ్ళు చూసేవాడు. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో చేను నడిస్తే, నీళ్ళున్న చోట టెంకాయ నిక్కి నిలబడేది. అక్కడ పాయింటు పెడితే అక్కడే బోరు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కని గట్టు లేదు. దుమ్ము లేచిన బోర్లు ఎక్కువయ్యాక ఊళ్ళో ఒక మాట పుట్టింది: అంజినప్ప టెంకాయ నిలబడితే రైతు పండుకుంటాడు. తర్వాత మిషన్లు పట్టుకుని జియాలజిస్టులు వచ్చారు. ఆయనను పిలిచేవాళ్ళు లేరు.

చౌడేశ్వరికి నాయన మీద కోపం లేదు. కోపానికి కొంచెం గౌరవం కావాలి. ఆయన మాట్లాడుతుంటే ఆమె ఫోను చూసుకునేది.

ఒకరోజు బయ్యన్న ఆయనను మోపెడ్ మీద చూశాడు.

"ఏమప్పా అంజినప్పా, నీ టెంకాయ బతికుండాదా?"

"యాడ సామీ. పూజింట్లో పండుకోనుండాది."

"లేపు దాన్ని. నా బోటు మింద పనుండాది."

ఆ పని ఇది. బోటులో చుక్కాని పక్కన ఒక పెట్టె. పెట్టెలో స్క్రీను. బోటు కింద చేపలుంటే ఆ స్క్రీను మీద వంకర గీతలుగా కనిపిస్తాయి. ఆ పెట్టె మీద తువ్వాలు కప్పి, చౌడేశ్వరిని పక్కన కూర్చోబెట్టాడు బయ్యన్న. గీతలు కనిపిస్తే ఆమె వేలితో పెట్టెను రెండుసార్లు కొట్టాలి. అతను ఇంజను తగ్గించి, "సూడప్పా ఒగ తూరి" అంటాడు. అంజినప్ప బోటు ముందు భాగాన నిలబడి టెంకాయను అరచేతిలో పెడతాడు. అది నిలబడుతుంది. గెస్టులు వీడియో తీస్తారు. గాలాలు వేస్తారు. చేప పడుతుంది.

పెట్టె సంగతి అంజినప్పకు చెప్పలేదు. అది బ్యాటరీ అన్నారు.

చౌడేశ్వరి మొదటి రోజు నవ్వు ఆపుకోలేక ఎర ముద్దల మీదికి వంగింది. చుట్టూ నీళ్ళే, కింద నీళ్ళే. నీళ్ళు చూసే టెంకాయ అక్కడ నిలబడక ఏం చేస్తుంది. కంప్యూటరు కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేసే గెస్టుల్లో ఈ మాట ఒక్కరికీ తట్టలేదు. వాళ్ళు ఆయనతో సెల్ఫీలు దిగారు. ఒకావిడ ఆయన చెయ్యి పట్టుకుని, మీ ఎనర్జీ చాలా బాగుంది అంది. అంజినప్పకు అర్థం కాలేదు. చెయ్యి మాత్రం ఆమె వదిలేదాకా అలాగే ఉంచాడు.

ఆయన మారిపోయాడు. రోజూ గడ్డం గీసుకున్నాడు. తెల్ల చొక్కా వేశాడు. నుదుట విభూతి. టీ అంగడి దగ్గర, "నీళ్ళను సూసే కాయకు నీళ్ళలో ఉండేది కనపడదా?" అని అడిగాడు. వినేవాళ్ళు తలూపారు. వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది కదా.

తలూపి ఊరుకుంటే పోయేదే. రంగన్న గట్టు మీదికి వచ్చాడు.

రంగన్న పక్క ఊరి రైతు. చీనీ, అంటే బత్తాయి తోట. చెట్లు కాపుకొచ్చే ఏడాదే బోరు ఎండింది. వెయ్యని బోరు లేదు. అందులో అంజినప్ప పెట్టిన పాయింట్లూ ఉన్నాయి. ఒకప్పుడు ఈయన మొహం మీదే టవలు విసిరి కొట్టిన మనిషి ఇప్పుడు అదే టవలు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"అన్నా, నీ చెయ్యి తిరిగిందంట గదా."

"ఏదో, అమ్మ దయ."

"ఇదే కడాకు. ఇదీ ఎండితే చెట్లు కొట్టేసి బెంగుళూరికి పోయి వాచ్‌మన్ అయితా. ఎల్లుండి పొద్దున్నే రా. బయ్యన్న లారీ పంపిస్తానన్నాడు."

చౌడేశ్వరి ఎర ముద్ద చేస్తూ విన్నది. ఇంతదాకా ఇది ఆట. పట్టి వదిలేసే ఆట. తోట ఒకసారి పోతే వదిలెయ్యడం ఉండదు.

ఆమె బయ్యన్న దగ్గరికి పోయింది.

"అన్నా, మా నాయనకు పెట్టె సంగతి చెప్పు. లేకుంటే రంగన్నకన్నా చెప్పు."

బయ్యన్న రెండో జాకెట్ తాళ్ళు ముడి వేసుకుంటున్నాడు. "నేనెందుకు చెప్తా పాపా? మీ నాయన సంతోషంగా ఉండాడు. రంగన్న సంతోషంగా ఉండాడు. గెస్టులూ సంతోషంగా ఉండారు. నీకొక్కదానికే వచ్చిందే కడుపునొప్పి?"

లారీ యజమానిని అడగడం తన తెలివితక్కువ అనుకుంది. చెప్పడం కాదు, చూపించాలి. నాయన కళ్ళతో నాయనే చూడాలి.

మర్నాడు బెంగుళూరు నుంచి ఒక లావుపాటి సార్ వచ్చాడు. చౌడేశ్వరి తువ్వాలు కింద స్క్రీను చూస్తూ కూర్చుంది. గీతలు కనిపించినప్పుడు ఊరుకుంది. ఏమీ లేని చోట పెట్టెను కొట్టింది.

టెంకాయ నిలబడింది. గాలాలు పడ్డాయి. ఏమీ తగల్లేదు.

ఇంకోచోట, ఖాళీ నీళ్ళ మీద మళ్ళీ కొట్టింది. మళ్ళీ టెంకాయ నిలబడింది. ఏమీ లేదు. బయ్యన్న ఆమె వైపు గుర్రుగా చూశాడు. సార్ నవ్వాడు. "నిన్న పండుగ ఏమైనా ఉండిందా? కాయ ఇంకా నిద్రలో ఉంది."

అంజినప్ప చొక్కా వీపున తడిసింది. ఆమె ఆ వీపునే చూస్తోంది. ఇంకొక్కసారి చాలు అనుకుంది. మూడోసారి ఖాళీ చోటే కొట్టింది.

గాలం మునిగిన కాసేపటికి రీలు కీచుమని తిరిగింది. సార్ ఇద్దరి సాయంతో లాగితే పెద్ద బొచ్చె చేప పైకి వచ్చింది. ఆ సీజనులో అంత పెద్దది పడలేదు. సార్ దాన్ని ఎత్తలేక కూర్చునే ఫోటో దిగాడు. స్క్రీను బోటు కింద ఉన్నదాన్నే చూపిస్తుంది, పక్కనుంచి వచ్చేదాన్ని చూపించదు. ఆ సంగతి మొదటి రోజే నేర్చుకుంది. అవసరమైన రోజు మరచిపోయింది.

"ముందు రెండు తూర్లు నేనే తొందరపడినా," అన్నాడు అంజినప్ప తడి బట్ట అందుకుంటూ. "కాయ తప్పేం లేదు."

సాయంత్రం మోపెడ్ ఎక్కకుండా ఆమె చెప్పేసింది. పెట్టె, తువ్వాలు, గీతలు, తన వేలు. ఒక్కటీ దాచలేదు.

"నీ టెంకాయ కాదు నాయనా. నేనే చెప్తాండా. ఇన్ని దినాలూ."

అంజినప్ప మోపెడ్ స్టాండు తీయలేదు. నీళ్ళ వైపు చూశాడు.

"ఈపొద్దు పెద్దది పడింది సూడు. ఆడ నీ పెట్టెలో ఏముండె?"

ఆమె అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. చదువుకున్న పిల్ల కదా, నిజం చెప్పింది.

"ఏమీ లేదు."

"ఊఁ," అన్నాడు అంజినప్ప. మోపెడ్ స్టార్టు చేశాడు. దారి పొడుగునా ఆయన వీపు నిటారుగా ఉంది. నమ్మకానికి అంతవరకు లేని సాక్షిని ఆమే తెచ్చి ఇచ్చింది.

మర్నాడు రంగన్న చేనికి ఆమె కూడా వెళ్ళింది. రావద్దని ఎవరూ అనలేదు. ఇంకా ఎండెక్కలేదు. చీనీ ఆకులు ముడుచుకుని ఉన్నాయి. అంజినప్ప చెప్పులు విడుస్తుంటే ఆమె రంగన్నను పక్కకు పిలిచి అంతా చెప్పింది. అతను ఓపిగ్గా విన్నాడు.

"మిషనోళ్ళు పెట్టినవీ ఎండినాయి పాపా," అన్నాడు. "ఎండితే మిషన్ను తిట్టలేము. మీ నాయన్నయితే తిట్టొచ్చు."

దీని మీద ఎవరు వాదిస్తారు. అంజినప్ప టెంకాయ కళ్ళకద్దుకుని చేలోకి నాలుగడుగులు వేశాడు. చౌడేశ్వరి పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆయన అరచేతిలోంచి టెంకాయ లాక్కుంది. గనెం గట్టు పక్కన ఒక బండ పైకి తేలి ఉంది. దాని మీద బలమంతా పెట్టి కొట్టింది. టెంకాయ రెండుగా పగిలింది. నీళ్ళు బండ మీదుగా జారి మట్టిలో ఇంకాయి.

అయిపోయింది అనుకుంది. ఇంక ఏ చేత నిలబడుతుంది?

రంగన్న వంగాడు. తిడతాడేమో అనుకుంది. అతను టెంకాయ నీళ్ళు ఇంకిన చోట ఒక రాయి పెట్టాడు. జేబులోంచి పసుపు పొట్లం తీశాడు.

ఆ సీమలో పాయింటు కుదిరాక అక్కడే టెంకాయ కొడతారు. కొట్టిన చోటు మార్చరు. ఆ సంగతి ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలుసు.

"అది పాయింటు కాదు!" అని అరిచింది. "నేను ఊరికే కొట్టినా! నాకేం తెల్దు!"

"చౌడమ్మ తల్లి పేరు పెట్టుకున్న పిల్ల," అన్నాడు రంగన్న, రాయికి పసుపు పూస్తూ. "ఊరికే కొడతాదా? అమ్మ ఎప్పుడన్నా తానే అని ఒప్పుకుంటాదా?"

ఆమె ఎంత అరిస్తే అంత రుజువైంది. చివరికి నోరు మూసుకుంది. అదీ రుజువే అయింది. అంజినప్ప చిప్పలు ఏరి టవల్లో కట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి లారీ వచ్చింది. వెనకే బయ్యన్న జీపులో వచ్చాడు. పసుపు రాయి పక్కకు జరిపి బోరు మొదలుపెట్టారు. మొదట ఎర్ర దుమ్ము లేచింది. తర్వాత తెల్ల దుమ్ము. తర్వాత కూడా తెల్ల దుమ్మే. రాడ్డు మీద రాడ్డు దిగింది. చీనీ చెట్లు, మనుషులు, జీపు, అన్నీ పిండి చల్లినట్టు అయ్యాయి. రంగన్న గుప్పిట్లో దుమ్ము తీసి నలిపాడు, తడి ఉందేమోనని. లేదు. పొద్దు వాలే వేళకు డ్రైవరు చెయ్యి ఊపాడు. రాడ్లు పైకి లాగడం మొదలుపెట్టారు.

రంగన్న గనెం మీద కూలబడ్డాడు. చౌడేశ్వరి వైపు చూడలేదు. అంజినప్పను చూశాడు.

"నీ చేత్తో అయ్యుంటే?"

అంజినప్ప చాలాసేపు ఆలోచించలేదు.

"నా చేత్తో అయ్యుంటే నీళ్ళు పడుండు."

రంగన్న తలూపాడు. మొహానికి కొంచెం రంగు వచ్చింది. తన మాట ప్రకారం బెంగుళూరికి పోయి వాచ్‌మన్ కావలసిన మనిషి అతనే. 'కడాకు' అనే మాటకు ఈ సీమలో కడ లేదు.

"లారీ ఈడే ఉండాది గదా," అన్నాడు బయ్యన్న జీపు దిగకుండానే. "మళ్ళా తెచ్చేదెందుకు, తీసకపోయేదెందుకు. చేసేదేదో ఈపొద్దే చేసుకోండి. పిల్లోల్ని పంపించి టెంకాయ తెప్పించండప్పా. జుట్టున్నది తెమ్మను."

టెంకాయ వచ్చింది. అంజినప్ప కాళ్ళు కడుక్కున్నాడు. చౌడేశ్వరి ఒక అడుగు ముందుకు వేసింది. రంగన్న లేచి అడ్డం నిలబడ్డాడు. కోపంగా కాదు. మర్యాదగానే చెప్పాడు.

"నువ్వు రోడ్డు మింద ఉండు పాపా. నీ చెయ్యి మంచిది కాదు."

ఆమె నాయన వైపు చూసింది. ఆయన కూడా రోడ్డు వైపే చెయ్యి చూపించాడు. చిన్నపిల్లను బావి దగ్గర్నుంచి పంపించినట్టు.

ఆమె వెళ్ళి రోడ్డు మీద నిలబడింది. లారీ ఇంజను ఆపలేదు. అంజినప్ప దుమ్ములో నడుస్తున్నాడు. రంగన్న వెనకే, ఆయన అడుగులో అడుగు వేస్తూ. వాళ్ళ మొహాలు దూరానికి కనిపించడం లేదు, చెయ్యి మాత్రం కనిపిస్తోంది. ఆ చేతిలోని కాయ పడుకునే ఉంటే బాగుండునని ఆమె అనుకుంది. ఇంతదాకా దేనికీ దండం పెట్టని పిల్ల ఒక టెంకాయకు మొక్కింది.

తోట మధ్యలో అది నిలబడింది.